పట్టికల మధ్య సమాచార బదిలీలో ఇబ్బందులు: తరచుగా అడిగే ప్రశ్నలు

విశాఖపట్నంలో చేపల ఎగుమతి సంస్థలు, కంటైనర్ రవాణా కార్యాలయాలు, ఆటోనగర్ వర్క్‌షాపులు తమ రోజువారీ లెక్కలను గూగుల్ షీట్స్, ఎక్సెల్, ఎయిర్‌టేబుల్ వంటి వాటిలో రాసుకుంటున్నాయి. ఒక పట్టికలో చేరిన వరుస దానంతటదే మరొక పట్టికకు వెళ్లేలా ఆటోమేషన్లు కూడా అమర్చుకుంటున్నాయి. ఆ బదిలీ తప్పినప్పుడు ఏం చూడాలో, ఏ క్రమంలో చూడాలో ఇక్కడ వివరించాం. సమాచారం బయలుదేరే పట్టికను మూల పట్టిక అనీ, అది చేరే పట్టికను గమ్య పట్టిక అనీ అంటున్నాం. మాకు వచ్చే ప్రశ్నల్లో ఎక్కువ వాటికి కారణం ఒక్కటే: ఒకే పడవను, ఒకే లారీని, ఒకే బిల్లును రెండు పట్టికలూ ఒకే రూపంలో గుర్తించకపోవడం. అందువల్ల తొందరలో ఉన్నవారు కూడా గుర్తింపు కాలమ్ గురించిన ప్రశ్నను వదిలిపెట్టకుండా చదవాలని కోరుతున్నాం.

ఆటోమేషన్ విజయవంతమైందని చూపిస్తోంది, కానీ గమ్య పట్టికలో వరుస కనిపించడం లేదు. ఎందుకు?

విజయవంతం అన్న మాటకు అర్థం, ఆటోమేషన్ సాధనం తనకు అప్పగించిన దశలను ఆటంకం లేకుండా పూర్తి చేసిందని మాత్రమే. మీరు కోరుకున్న ఫలితం వచ్చిందని దానికి తెలియదు. ముందుగా గమ్య పట్టికలో ఏదైనా ఫిల్టర్ ఉందేమో చూడండి. "ఈ వారం" అనే ఫిల్టర్ పెట్టిన వ్యూలో తేదీ ఖాళీగా వచ్చిన వరుస ఎప్పటికీ కనిపించదు. తరువాత పట్టిక అడుగు వరకూ వెళ్లి చూడండి. వెయ్యో వరుస వరకు ముందే సూత్రాలో (ఫార్ములాలో), చెక్‌బాక్సులో లాగిపెట్టి ఉంటే, సాధనం వాటన్నింటినీ నిండిన వరుసలుగా భావించి కొత్త సమాచారాన్ని వెయ్యిన్నొకటో వరుసలో రాస్తుంది.

ఈ రెండూ కాకపోతే రన్ హిస్టరీ (ఆటోమేషన్ నడిచిన ప్రతిసారీ నమోదయ్యే చిట్టా) తెరిచి, ప్రతి దశలోకి ఏ విలువ వచ్చింది, ఏ విలువ బయటికి వెళ్లింది అన్నది చదవాలి. "వెతుకు, దొరికితే సవరించు" అనే పద్ధతిలో అమర్చిన ఆటోమేషన్లలో వెతికే దశకు ఏమీ దొరకకపోయినా సాధనం దానిని లోపంగా లెక్కించకపోవచ్చు. సున్నా వరుసలు దొరికాయి, సున్నా వరుసలు సవరించబడ్డాయి, పని ముగిసింది. ఇలాంటి చోట, దొరకని పక్షంలో ఏం చేయాలో చెప్పే రెండో దారిని తప్పనిసరిగా అమర్చాలి. పాత ఫైలుకు నకలు తీసుకుని పనిచేస్తున్న కార్యాలయాల్లో ఆటోమేషన్ ఇంకా పాత ఫైలుకే రాస్తుండటం కూడా సాధారణంగా జరిగేదే.

అసలు ఆటోమేషన్ మొదలు కావడమే లేదు. ట్రిగ్గర్ చెడిపోయిందా?

చెడిపోవడం అరుదు. ట్రిగ్గర్, అంటే ఆటోమేషన్‌ను మొదలుపెట్టే సంకేతం, దేనికి స్పందిస్తుంది, దేనికి స్పందించదు అన్న విషయంలో పొరపాటు పడటమే ఎక్కువ. గూగుల్ షీట్స్‌లో గడి సవరించినప్పుడు నడిచే ఆన్ ఎడిట్ ట్రిగ్గర్, మనిషి చేత్తో మార్చినప్పుడే నడుస్తుంది. సూత్రం వల్ల విలువ మారినా, మరొక స్క్రిప్టు (చిన్న ప్రోగ్రాము) వచ్చి రాసినా అది కదలదు. అందువల్ల మొదటి ఆటోమేషన్ నింపిన పట్టికను చూసి రెండో ఆటోమేషన్ మొదలవుతుందని ఆశించి, ఆన్ ఎడిట్ మీద ఆధారపడినవారికి నిరాశ తప్పదు. అలాంటి గొలుసుకు సమయం ప్రకారం నడిచే ట్రిగ్గర్ నమ్మదగినది.

ఎయిర్‌టేబుల్‌లో "రికార్డు షరతులకు సరిపోయినప్పుడు" అనే ట్రిగ్గర్, రికార్డు సరిపోని స్థితి నుంచి సరిపోయే స్థితికి మారిన క్షణంలోనే నడుస్తుంది. ఆటోమేషన్ ఆన్ చేసే నాటికే షరతులకు సరిపోయి ఉన్న పాత రికార్డులను అది పట్టించుకోదు. పాత వరుసలను పంపాలంటే వాటి స్థితి కాలమ్‌ను ఒకసారి తీసి మళ్లీ పెట్టాలి, లేదా వాటికోసం విడిగా ఒకసారి బదిలీ నడపాలి. "రికార్డు సృష్టించినప్పుడు" అనే ట్రిగ్గర్‌ది దీనికి వ్యతిరేకమైన ఇబ్బంది: ప్లస్ గుర్తు నొక్కగానే ఖాళీ వరుస పుడుతుంది, ఆటోమేషన్ వెంటనే ఆ ఖాళీ వరుసనే పట్టుకుపోతుంది. గుమాస్తా లారీ నంబరు టైపు చేసేసరికి బదిలీ అయిపోయి ఉంటుంది. "పంపవచ్చు" అనే చెక్‌బాక్సు ఒకటి పెట్టి, అన్ని గడులూ నింపాక దానిని టిక్ చేసినప్పుడే బదిలీ మొదలయ్యేలా అమర్చడం మేలు.

ప్రతిసారీ కొన్ని వరుసలు మాత్రమే వస్తున్నాయి. మిగిలినవి ఎక్కడ ఆగుతున్నాయి?

వచ్చిన వరుసల సంఖ్యను చూడండి; చాలాసార్లు కారణాన్ని ఆ సంఖ్యే చెబుతుంది. సరిగ్గా 256 వచ్చి ఆగితే, మీరు మైక్రోసాఫ్ట్ వారి ఆటోమేషన్ సాధనమైన పవర్ ఆటోమేట్‌లో ఎక్సెల్ పట్టిక వరుసలను చదివే దశను యథాతథంగా వాడుతున్నారన్నమాట. ఆ దశ సెట్టింగుల్లో పేజినేషన్ (పేజీలవారీగా చదివే సదుపాయం) ఆన్ చేసి, పరిమితిని పెంచాలి. సరిగ్గా 100 వచ్చి ఆగితే, ఎయిర్‌టేబుల్ ఏపీఐ (ఇతర ప్రోగ్రాములు సమాచారం అడిగే మార్గం) ఇచ్చే మొదటి పేజీతోనే ఎవరో సరిపెట్టారని అర్థం; తరువాతి పేజీకి సంబంధించిన గుర్తును తిరిగి పంపి మిగిలినవి అడగాలి.

సంఖ్య రోజుకొక రకంగా ఉంటే అది వేగానికో, సమయానికో సంబంధించిన పరిమితి. ఎయిర్‌టేబుల్ ఒక్కో బేస్‌కు (పట్టికల సముదాయానికి) సెకనుకు 5 అభ్యర్థనలు మాత్రమే అంగీకరిస్తుంది. మించితే 429 అనే లోపం వస్తుంది, 30 సెకన్లు ఆగాలి. ఒక్కో అభ్యర్థనలో 10 రికార్డుల వరకు పంపవచ్చు కనుక, ఒక్కొక్కటిగా కాక పదేసి కట్టి పంపితే ఈ ఇబ్బంది చాలావరకు తొలగిపోతుంది. గూగుల్ షీట్స్‌కు స్క్రిప్టులు రాసే గూగుల్ యాప్స్ స్క్రిప్ట్ అయితే ఒక్క పరుగు (స్క్రిప్టు ఒకసారి నడవడం) 6 నిమిషాలు దాటితే మధ్యలోనే ఆపేస్తుంది. ఎక్కడ ఆగిందో రాసిపెట్టుకుని, తరువాతి పరుగులో అక్కడి నుంచే కొనసాగేలా స్క్రిప్టు రాయాలి. గడి గడికీ విడిగా రాసే స్క్రిప్టులే ఎక్కువగా ఈ గడువు దాటుతాయి. వరుసలన్నింటినీ కలిపి ఒక్కసారే రాయిస్తే అదే పని చాలా త్వరగా పూర్తవుతుంది.

పట్టిక నిండిపోయే అవకాశం ఉందా?

ఉంది. గూగుల్ షీట్స్ ఫైలు మొత్తానికి 1 కోటి గడులు, ఎక్సెల్ షీటుకు 10,48,576 వరుసలు పరిమితి. ఖాళీ గడులు కూడా గూగుల్ లెక్కలోకి వస్తాయి కనుక వాడని కాలమ్‌లను, ఖాళీ వరుసలను తొలగించండి.

ఏ కాలమ్‌ను గుర్తింపుగా ఎంచుకోవాలి?

ఈ ప్రశ్నకు సరైన సమాధానం దొరికిన కార్యాలయంలో మిగిలిన ప్రశ్నల్లో సగం పుట్టనే పుట్టవు. గుర్తింపు కాలమ్‌కు మూడు లక్షణాలు ఉండాలి: ఒక్కో వరుసకు ఒక్కటే ఉండాలి, ఎప్పటికీ మారకూడదు, ఎన్నడూ ఖాళీగా ఉండకూడదు. ఈ మూడింటినీ ఒక్కొక్కటిగా పరీక్షిస్తే, సాధారణంగా ఎంచుకునే కాలమ్‌లు చాలావరకు విఫలమవుతాయి.

పేరు పనికిరాదు, ఒకే పేరు, ఒకే ఇంటిపేరు గల ఇద్దరు బోటు యజమానులు ఒకే జాబితాలో ఉండటం ఫిషింగ్ హార్బర్‌లో వింత కాదు. ఫోన్ నంబరు మారుతుంది, ఒక్కోసారి ఇంటిల్లిపాదికీ ఒకటే నంబరు ఉంటుంది. వరుస సంఖ్య అసలే పనికిరాదు. ఎవరో అక్షర క్రమంలో సార్ట్ చేసిన మరుక్షణం 12వ వరుసలోని పడవ 40వ వరుసకు పోతుంది, ఆటోమేషన్ మాత్రం 12వ వరుసలోనే రాస్తుంది. వాహనాల పట్టికకు లారీ రిజిస్ట్రేషన్ నంబరు సరిపోతుంది, కానీ ట్రిప్పుల పట్టికకు సరిపోదు, ఎందుకంటే అదే లారీ పోర్టుకూ గాజువాకకూ మధ్య ఒకే రోజు పలుమార్లు తిరుగుతుంది.

కంటైనర్ నంబరు విషయంలో ఈ తేడా స్పష్టంగా కనిపిస్తుంది. అంతర్జాతీయ ప్రమాణం ప్రకారం కంటైనర్ నంబరులో 4 ఇంగ్లిష్ అక్షరాలు, వాటి తరువాత 7 అంకెలు ఉంటాయి. చివరి అంకె ముందున్నవాటి నుంచి లెక్కగట్టిన తనిఖీ అంకె. ప్రపంచంలో ఆ నంబరు ఒక్క పెట్టెకే ఉంటుంది కనుక అది నమ్మకమైన గుర్తింపు అనిపిస్తుంది. అయితే అదే పెట్టె కొన్ని నెలల తరువాత మరొక సరుకుతో మళ్లీ విశాఖ వస్తుంది. అప్పుడు కంటైనర్ నంబరు ఆధారంగా సవరించే ఆటోమేషన్, పాత ట్రిప్పు వరుసను చెరిపి దాని మీదే కొత్త వివరాలు రాస్తుంది. లోపమేదీ కనబడదు, వరుసల సంఖ్య మాత్రం పెరగదు. ఇలాంటి చోట కంటైనర్ నంబరుకు గేటులోకి వచ్చిన తేదీని కలిపి ఒక గుర్తింపు తయారు చేసుకోవాలి. ఒకే రోజు రెండుసార్లు వచ్చే అవకాశం ఉంటే, మూల పట్టికలో ఆటోమేటిక్‌గా పెరిగే క్రమ సంఖ్యను వాడి, అదే సంఖ్యను గమ్య పట్టికలో ఒక విడి కాలమ్‌లో నిల్వ చేయాలి. ఆ కాలమ్‌ను ఎవరూ చేత్తో మార్చకుండా తాళం వేయడం మరువకండి. తనిఖీ అంకె ఉన్న నంబర్లకు, బదిలీకి ముందే ఆ లెక్క సరిపోతుందో లేదో పరీక్షిస్తే టైపింగ్ తప్పులు మూలంలోనే పట్టుబడతాయి.

ఒకే వరుస రెండు మూడుసార్లు చేరుతోంది. ఎలా ఆపాలి?

నెట్‌వర్క్ మధ్యలో తెగినప్పుడు గమ్య పట్టిక వరుసను రాసుకుని ఉంటుంది, కానీ రాసుకున్నానన్న సమాధానం తిరిగి చేరి ఉండదు. సాధనం పని విఫలమైందని భావించి మళ్లీ పంపుతుంది. ఇది మంచి అలవాటే, దీనిని ఆపకూడదు. రెండోసారి పంపినా నష్టం కలగకుండా, కొత్త వరుస చేర్చే దశకు బదులు "గుర్తింపు ఉంటే సవరించు, లేకపోతే చేర్చు" అనే దశను వాడాలి. ఇప్పటికే చేరిన జంట వరుసలను తొలగించే ముందు, వాటిలో ఏది తరువాత చేత్తో సవరించబడిందో చూడండి. మొదటి దానిని ఉంచి రెండో దానిని కొట్టేయడం ఎల్లవేళలా సరికాదు.

కళ్లముందే సరిపోలే వరుస ఉన్నా, సాధనం దొరకలేదంటోంది. ఏం చూడాలి?

కంటికి ఒకేలా కనిపించే రెండు విలువలు కంప్యూటరుకు వేరు కావచ్చు. ముందుగా రెండు గడుల్లోని అక్షరాల సంఖ్యను లెన్ సూత్రంతో లెక్కించి పోల్చండి. తేడా వస్తే ఎక్కడో కనబడని అక్షరం ఉంది.

ఎక్కువగా కనిపించేది చివరన మిగిలిన ఖాళీ. ట్రిమ్ సూత్రం దానిని తీసేస్తుంది. వెబ్ పేజీ నుంచి కాపీ చేసిన సమాచారంలో మామూలు ఖాళీ కాకుండా 160 అనే కోడ్ గల, విడిపోని ఖాళీ ఉంటుంది. ఎక్సెల్‌లోని ట్రిమ్ దానిని ముట్టుకోదు, సబ్‌స్టిట్యూట్ సూత్రంతో విడిగా తొలగించాలి. తెలుగులో రాసే పట్టికల్లో దీనికి తోడు మరొకటి ఉంది. "గేట్‌పాస్" వంటి మాటల్లో పొల్లు తరువాతి అక్షరం ఒత్తుగా మారకుండా ఉండటానికి కొన్ని కీబోర్డులు వెడల్పు లేని ఒక విభజకాన్ని చేరుస్తాయి. ఒక ఉద్యోగి ఫోన్‌లోనూ మరొకరు కంప్యూటర్‌లోనూ టైపు చేస్తే, ఆ విభజకం ఒక చోట ఉండి మరొక చోట ఉండకపోవచ్చు. తెరమీద తేడా తెలిసినా తెలియకపోయినా పోలిక మాత్రం విఫలమవుతుంది. "పెదగంట్యాడ" అని కలిపి, "పెద గంట్యాడ" అని విడదీసి రాయడం, విశాఖపట్నాన్ని విశాఖ అనీ వైజాగ్ అనీ రాయడం కూడా ఇదే కోవలోకి వస్తాయి. స్థలాల పేర్లను టైపు చేయించకుండా జాబితా నుంచి ఎంపిక చేయించడమే దీనికి శాశ్వత పరిష్కారం.

వాహన నంబర్లలో ఈ సమస్య మరింత ఎక్కువ. ఏపీ 31 తరువాత ఒకరు ఖాళీ వదులుతారు, ఒకరు గీత పెడతారు, ఒకరు ఏమీ పెట్టరు. మూల పట్టికలోనే ఖాళీలు, గీతలు తీసేసి, అక్షరాలన్నింటినీ పెద్ద అక్షరాలుగా మార్చే సహాయక కాలమ్ ఒకటి తయారు చేసి, పోలికకు దానినే వాడండి. రాసినవారు రాసిన రూపం పక్క కాలమ్‌లో అలాగే ఉండవచ్చు.

అక్షరాల సంఖ్య కూడా సరిపోతే, ఒక వైపు అంకె, మరో వైపు వచనం ఉందేమో చూడాలి. 530026 అనే పిన్‌కోడ్ ఒక పట్టికలో సంఖ్యగా, మరొక పట్టికలో వచనంగా ఉంటే అవి సరిపోలవు. మరో పట్టికలో వెతికి విలువ తెచ్చే వీలుకప్ సూత్రం వాడుతున్నవారు నాలుగో విలువగా ఫాల్స్ ఇచ్చారో లేదో తప్పక చూడాలి. అది ఇవ్వకపోతే వీలుకప్ దగ్గరి విలువను తెచ్చిపెడుతుంది, దొరకలేదనే బదులు తప్పు సమాధానమిస్తుంది. దొరకకపోవడం కంటే అది ప్రమాదకరం. ఎక్స్‌లుకప్ అయితే వేరే చెప్పకపోయినా ఖచ్చితమైన పోలికనే చేస్తుంది.

ఇంటి నంబర్లు తేదీలుగా మారిపోతున్నాయి. వాటిని తిరిగి పొందవచ్చా?

మన ఊళ్లలో డోర్ నంబర్లను గీతలతో రాస్తాం కనుక ఇది మనవాళ్లను ప్రత్యేకంగా బాధించే సమస్య. 5-8-12 అనే డోర్ నంబరును పట్టిక 2012 ఆగస్టు 5గానో, సెట్టింగులు అమెరికా పద్ధతిలో ఉంటే 2012 మే 8గానో అర్థం చేసుకుంటుంది. అప్పుడు గడి ఫార్మాట్‌ను వచనంగా మార్చితే 5-8-12 తిరిగి రాదు. ఎక్సెల్‌లో 41126 వంటి సంఖ్య కనిపిస్తుంది. ఎక్సెల్ తేదీలను 1900 జనవరి 1 నుంచి లెక్కించిన రోజుల సంఖ్యగా దాచుకోవడమే అందుకు కారణం.

మారిన విలువల నుంచి అసలు నంబర్లను ఊహించి తిరిగి రాయవద్దని గట్టిగా చెబుతున్నాం. ఆ గడిలో మొదట 5-8-12 ఉందో, 05-08-2012 ఉందో, 5/8/12 ఉందో ఇక తెలియదు. తప్పు చిరునామాకు వెళ్లిన పార్సిలు, నోటీసు తిరిగి వచ్చేదాకా ఆ తప్పు బయటపడదు. మూల పట్టికలో అసలు విలువ ఇంకా ఉంటే అక్కడి నుంచి మళ్లీ బదిలీ చేయాలి, లేకపోతే కాగితం దరఖాస్తు చూసి నింపాలి.

ఇకముందు జరగకుండా ఉండాలంటే, సమాచారం రాకముందే గమ్య పట్టికలోని ఆ కాలమ్‌ను వచనంగా ఫార్మాట్ చేయాలి. గూగుల్ షీట్స్ ఏపీఐ ద్వారా రాసేటప్పుడు విలువలను "యూజర్ ఎంటర్డ్" పద్ధతిలో పంపితే, మనిషి టైపు చేసినట్టే భావించి తేదీలుగా మారుస్తుంది; "రా" పద్ధతిలో పంపితే ఉన్నదున్నట్టు నిల్వ చేస్తుంది. సీఎస్‌వీ (విలువలను కామాలతో విడదీసిన వచన) ఫైలును రెండుసార్లు క్లిక్ చేసి ఎక్సెల్‌లో తెరిచి మళ్లీ సేవ్ చేస్తే కూడా ఇదే నష్టం జరుగుతుంది కనుక, డేటా మెనూ ద్వారా దిగుమతి చేసి ఆ కాలమ్‌ను వచనంగా ఎంచుకోవాలి.

0891తో మొదలయ్యే ఫోన్ నంబర్లు, బ్యాంకు ఖాతా సంఖ్యలు తప్పుగా వస్తున్నాయి.

ఇంటి నంబర్ల విషయంలో చెప్పిన కారణమే, పరిష్కారమే ఇక్కడా. సంఖ్యగా భావించినప్పుడు ముందున్న సున్నా పోయి 891 మిగులుతుంది. ఎక్సెల్ ఏ సంఖ్యలోనైనా 15 అంకెలనే నిలుపుకుంటుంది, కాబట్టి అంతకంటే పొడవైన ఖాతా సంఖ్యల చివరి అంకెలు సున్నాలుగా మారుతాయి, తిరిగి రావు. కూడికలు, తీసివేతలు చేయని అంకెలన్నింటినీ వచనంగానే ఉంచండి. డబ్బు మొత్తాల విషయంలో దీనికి వ్యతిరేకంగా వ్యవహరించాలి: రూపాయి గుర్తుతో, లక్షల కామాలతో 1,25,000 అని వచనంగా వచ్చిన మొత్తాన్ని కామాలు తీసి సంఖ్యగా మార్చకపోతే, మొత్తం కూడే సూత్రం ఆ గడిని వదిలేసి కూడుతుంది.

తేదీ ఒక రోజు వెనక్కి పోతోంది. కొన్ని వరుసల్లోనే ఎందుకు?

తెల్లవారుజామున 5:30 లోపు నమోదైన వరుసల్లోనే అలా జరుగుతుంటే, కారణం కాలమండలం. చాలా ఆటోమేషన్ సాధనాలు సమయాన్ని అంతర్జాతీయ ప్రమాణ సమయంలో నిల్వ చేస్తాయి. మన సమయం దానికంటే 5 గంటల 30 నిమిషాలు ముందుంటుంది. ఫిషింగ్ హార్బర్‌లో వేలం చీకటితోనే మొదలవుతుంది. 12వ తేదీ తెల్లవారుజామున 4:40కి నమోదైన అమ్మకం, ప్రమాణ సమయంలో 11వ తేదీ రాత్రి 23:10 అవుతుంది. సమయాన్ని వదిలి తేదీని మాత్రమే గమ్య పట్టికకు పంపితే అమ్మకం ముందురోజు లెక్కలో పడుతుంది. పగటిపూట పనిచేసే కార్యాలయాల్లో ఈ లోపం బయటపడదు. అందుకే వేరే చోట సరిగ్గా నడిచిన ఆటోమేషన్ హార్బర్ లెక్కల దగ్గరికి వచ్చేసరికి తప్పుతుంది. తేదీని విడదీసే దశకు ముందే సమయాన్ని భారత కాలమండలానికి మార్చాలి. మూల పట్టిక, గమ్య పట్టిక, ఆటోమేషన్ ఈ మూడింటిలోనూ కాలమండలం సెట్టింగును విడివిడిగా చూడాలి.

రోజు, నెల తారుమారు కావడం దీనికి భిన్నమైన లోపం. 05/06/2024ను జూన్ 5గా మనం రాస్తే, అమెరికా సెట్టింగు ఉన్న పట్టిక మే 6గా చదువుతుంది. నెలలో 12వ తేదీ వరకు ఉన్నవి తారుమారై, 13 నుంచి ఉన్నవి వచనంగా మిగిలిపోతే, సందేహం లేకుండా ఇదే కారణం. గూగుల్ షీట్స్‌లో ఫైల్ మెనూలోని సెట్టింగుల్లో లొకేల్‌ను (ప్రాంతాన్ని) ఇండియాగా మార్చండి. పట్టికల మధ్య పంపేటప్పుడు సంవత్సరం, నెల, రోజు అనే క్రమంలో 2024-06-05 అని పంపితే ఏ సెట్టింగులోనూ సందిగ్ధం ఉండదు.

పవర్ ఆటోమేట్ ద్వారా ఎక్సెల్ నుంచి చదివినప్పుడు తేదీకి బదులు 45458 వంటి సంఖ్య వస్తే, ఆ దశలోని అదనపు ఎంపికల్లో తేదీ రూపాన్ని ఐఎస్ఓ 8601గా (సంవత్సరం, నెల, రోజు క్రమం) ఎంచుకోవాలి.

తెలుగు అక్షరాలు వింత గుర్తులుగా కనిపిస్తున్నాయి.

సీఎస్‌వీ ఫైలును యూటీఎఫ్-8లో (అన్ని లిపులనూ నిల్వ చేసే పద్ధతిలో) సేవ్ చేసి, ఎక్సెల్ దానిని మరో పద్ధతిలో చదివితే ఇలా అవుతుంది. అర్థం లేని లాటిన్ అక్షరాలు కనిపిస్తే కంగారు పడనక్కర్లేదు. ఫైలు చాలావరకు క్షేమంగానే ఉంటుంది, దిగుమతి చేసేటప్పుడు యూటీఎఫ్-8 ఎంచుకుంటే చాలు. అక్షరానికొక ప్రశ్నార్థకం కనిపిస్తే మాత్రం, సేవ్ చేసినప్పుడే తెలుగు పోయింది, ఆ ఫైలు నుంచి తిరిగి రాదు.

అక్షరాల పరిమితి ఉన్న ఫీల్డులకు తెలుగు పంపేటప్పుడు మరో జాగ్రత్త అవసరం. "విశాఖపట్నం" అన్న మాట మన లెక్కలో ఐదారు అక్షరాలే కానీ, గుణింతపు గుర్తులు, పొల్లు, సున్నా విడివిడిగా లెక్కకు వచ్చి కంప్యూటరుకు 10 అవుతుంది. యూటీఎఫ్-8లో ఒక్కోదానికి 3 బైట్ల చొప్పున 30 బైట్లు కావాలి. పేరు చివర తెగిపోతుంటే ఈ లెక్క చూసుకోండి.

జిల్లా కాలమ్ దగ్గర బదిలీ ఆగిపోతోంది. విలువ చెల్లదంటోంది.

గమ్య పట్టికలో ఆ కాలమ్ ఎంపిక జాబితాగా ఉండి, మీరు పంపిన విలువ ఆ జాబితాలో లేకపోతే సాధనం నిరాకరిస్తుంది. 2022 ఏప్రిల్ 4న పూర్వపు విశాఖపట్నం జిల్లా విశాఖపట్నం, అనకాపల్లి, అల్లూరి సీతారామరాజు జిల్లాలుగా విడిపోయింది. అంతకుముందు తయారైన పట్టికల్లో పాడేరు, నర్సీపట్నం చిరునామాలు కూడా విశాఖపట్నం జిల్లాగానే ఉంటాయి. ఇక్కడ జాబితాకు కొత్త పేర్లు చేర్చడంతో సరిపోదు, ఎందుకంటే పాత వరుసలు లోపం చూపకుండానే తప్పు జిల్లాలో చేరిపోతాయి. మండలాన్నీ ప్రస్తుత జిల్లానూ జతచేసే చిన్న పట్టిక ఒకటి తయారు చేసి, జిల్లాను మూల పట్టిక నుంచి కాక మండలం ఆధారంగా నింపాలి. జాబితాలో లేని విలువ వస్తే కొత్త ఎంపికను దానంతటదే సృష్టించే సదుపాయం కొన్ని సాధనాల్లో ఉంది. దానిని ఆన్ చేస్తే ప్రతి అక్షరదోషమూ ఒక కొత్త జిల్లాగా మిగిలిపోతుంది, కనుక వాడకపోవడమే మంచిది.

అనుసంధాన ఫీల్డులు, అటాచ్‌మెంట్లు రావడం లేదు.

ఎయిర్‌టేబుల్‌లో మరో పట్టికకు అనుసంధానించే ఫీల్డు, పేరును కాక 17 అక్షరాల రికార్డు ఐడీని ఆశిస్తుంది. ముందు ఆ రికార్డును వెతికి, దొరికిన ఐడీని పంపాలి. అటాచ్‌మెంటు లింకులు కొన్ని గంటల్లో చెల్లకుండా పోతాయి కనుక, లింకును వచనంగా దాచుకుని వారం తరువాత తెరవాలంటే కుదరదు. ఫైలునే గమ్య పట్టిక అటాచ్‌మెంటు ఫీల్డులోకి వెంటనే పంపాలి. సూత్రాలతో లెక్కగట్టే ఫీల్డుల్లో రాయడం ఏ ఆటోమేషన్‌కూ సాధ్యం కాదు.

రెండు పట్టికలూ ఒకదాన్నొకటి సవరించుకునేలా పెట్టవచ్చా?

వీలైనంతవరకు వద్దు. మొదటి పట్టికలో మార్పు రెండోదాన్ని మార్చుతుంది, ఆ మార్పు చూసి రెండోది మళ్లీ మొదటిదాన్ని మార్చుతుంది, ఇలా సాధనం మీకు అనుమతించిన నెలవారీ పరుగుల కోటా గంటల్లో అయిపోతుంది. తప్పనిసరైతే ప్రతి కాలమ్‌కు ఒక్క పట్టికనే యజమానిగా నిర్ణయించండి: సరుకు బరువు గిడ్డంగి పట్టికలోనే మారాలి, చెల్లింపు స్థితి లెక్కల విభాగం పట్టికలోనే మారాలి. రాయబోయే విలువ ఇప్పటికే అక్కడ ఉంటే ఏమీ చేయకుండా ఆగిపోయే షరతు రెండు వైపులా పెట్టాలి.

మూల పట్టికలో తొలగించిన వరుస గమ్య పట్టికలో అలాగే ఉంది.

తొలగింపును చాలా ఆటోమేషన్లు గమనించవు. వరుసను తొలగించకుండా "రద్దు" అనే స్థితి పెట్టండి. ఆ స్థితి మామూలు సవరణలాగే బదిలీ అవుతుంది.

ఉద్యోగి మానేశాక బదిలీ ఆగిపోయింది.

ఆటోమేషన్ ఆ ఉద్యోగి ఖాతా అనుమతులతో నడుస్తోంది, ఆ ఖాతాను మూసేయగానే అనుమతి పోయింది. కార్యాలయం పేరున విడి ఖాతా తెరిచి, కనెక్షన్లన్నీ దానికి మార్చండి. మరో ఫైలు నుంచి సమాచారం తెచ్చే ఇంపోర్ట్‌రేంజ్ సూత్రం వాడుతున్న గూగుల్ షీట్లలో, కొత్త ఫైలుతో జతచేసిన ప్రతిసారీ "అనుమతించు" అనే బటన్‌ను ఒకసారి నొక్కవలసి ఉంటుంది.

కరెంటు, ఇంటర్నెట్ పోయి వచ్చాక వరుసల క్రమం తారుమారైంది.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను తీరం దాటినప్పుడు ఈ నగరంలో కరెంటు, ఫోన్లు రోజుల తరబడి నిలిచిపోయాయి. తీరప్రాంతంలో పనిచేసేవారు అలాంటి అంతరాయాన్ని ముందే ఊహించి పట్టికలు రూపొందించుకోవాలి. ఆఫ్‌లైన్‌లో నింపిన ఫారాలు నెట్ వచ్చాక ఒక్కసారిగా చేరతాయి. అప్పుడు అన్నింటికీ దాదాపు ఒకే సృష్టి సమయం ఉంటుంది. పని జరిగిన సమయానికి ఒక కాలమ్, వరుస చేరిన సమయానికి మరో కాలమ్ ఉంచి, క్రమాన్ని మొదటిదాని ప్రకారమే నిర్ణయించాలి. సవరించే దశలో, వచ్చిన విలువ గమ్య పట్టికలో ఉన్నదానికంటే పాతదైతే దానిని రాయకుండా వదిలేసే షరతు కూడా ఉండాలి. లేకపోతే ఆలస్యంగా చేరిన పాత ఫారం, తాజా నిల్వ లెక్కను చెరిపేస్తుంది.

తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు ఉండే చేపల వేట నిషేధ కాలంలో హార్బర్ పట్టికలకు కొత్త వరుసలే రావు. ఆ మధ్యలో పాస్‌వర్డ్ మారి కనెక్షన్ తెగినా ఎవరికీ తెలియదు. నిషేధం ముగిసే ముందే ఒక పరీక్ష వరుస పంపి చూసుకుంటే, మొదటి రోజు వేలం రద్దీలో ఇబ్బంది పడనక్కర్లేదు.

బదిలీ పూర్తిగా, సరిగా జరిగిందని ఎలా నిర్ధారించుకోవాలి?

వరుసల సంఖ్యను మాత్రమే పోల్చవద్దు. ఒకటి తప్పిపోయి మరొకటి రెండుసార్లు చేరినా సంఖ్య సరిపోతుంది. రోజు వారీగా వరుసల సంఖ్య, కిలోల లేదా రూపాయల మొత్తం, ఈ రెండింటినీ రెండు పట్టికల్లో పోల్చి, తరువాత గుర్తింపు కాలమ్‌లను పక్కపక్కన పెట్టి ఒక వైపే ఉన్నవాటిని బయటికి తీయాలి. ఈ తనిఖీని కూడా ఆటోమేషన్‌గా మార్చి, తేడా ఉన్నప్పుడే కబురు వచ్చేలా అమర్చుకోవచ్చు. విఫలమైన ప్రతి వరుసనూ, దాని గుర్తింపుతోనూ లోపం సందేశంతోనూ సహా ఒక విడి పట్టికలో రాయించండి. మెయిల్‌కు వచ్చే హెచ్చరికలు పాత మెయిళ్ల కింద పడిపోతాయి; పట్టికలో ఉన్న వరుస పరిష్కరించేదాకా అక్కడే ఉంటుంది.

తప్పు సమాచారం ఇప్పటికే వేల వరుసల్లో చేరిపోయింది. ఎక్కడ మొదలుపెట్టాలి?

ముందు ఆటోమేషన్‌ను ఆపండి, తరువాత గమ్య పట్టికకు నకలు తీయండి. గమ్య పట్టికలో చేత్తో దిద్దడం మొదలుపెట్టవద్దు. ఆటోమేషన్ మళ్లీ నడిచినప్పుడు మీ దిద్దుబాట్లన్నీ పోతాయి, పైగా ఏది దిద్దినదో ఏది దిద్దనిదో ఎవరికీ తెలియకుండా పోతుంది. రన్ హిస్టరీలో సరిగ్గా నడిచిన చివరి పరుగును గుర్తించి, ఆ తరువాత ఏం మారిందో చూడాలి: కాలమ్ పేరు మార్చారా, కొత్త ఎంపిక చేర్చారా, ఎవరైనా లొకేల్ మార్చారా. కారణాన్ని సరిచేశాక ఒక్క వరుసతో, తరువాత పది వరుసలతో పరీక్షించి, గుర్తింపు కాలమ్ ఆధారంగా ఆ తేదీ నుంచి ఉన్న వరుసలను మాత్రమే మళ్లీ పంపండి. ఆ మధ్యకాలంలో గమ్య పట్టికలో సిబ్బంది చేత్తో నింపిన కాలమ్‌లు, ఉదాహరణకు చెల్లింపు వివరాలు, మళ్లీ పంపే జాబితాలో లేకుండా చూసుకోవాలి. తీసిపెట్టిన నకలును తరువాతి నెల లెక్కలు సరిచూసే వరకు తొలగించకండి.